చెరువు పూడ్చి వరి వేశారా? ఏ చౌడో ముందు తేల్చుకోండి

కృష్ణా, గోదావరి డెల్టాల్లో రొయ్యల చెరువులు పూడ్చి మళ్లీ వరికి వస్తున్న రైతులున్నారు. నాటిన పైరు తేరుకోకపోతే చాలామంది ముందు యూరియా చల్లుతారు, తర్వాత జిప్సం కొంటారు. చౌడు రకం తెలియకుండా రెండూ డబ్బు దండగే.

సమస్య: నేల ఆరగానే పైన తెల్లటి పొర, ఆకుల కొసలు ఎండిపోవడం, పిలకలు రాకపోవడం.
కారణం: పాలచౌడు, అంటే కరిగే ఉప్పులు. భూసార పరీక్షలో ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటుతుంది.
పరిష్కారం: దీనికి జిప్సం అక్కర్లేదు, మంచినీళ్లు కావాలి. చిన్న మళ్లు కట్టి, కాలువ నీళ్లు నిండా పెట్టి, కొన్ని రోజులు నిలగట్టి మురుగు కాలువలోకి వదలాలి. ఇలా మళ్లీ మళ్లీ చేయాలి. నీళ్లు పోయే దారి లేకపోతే ఈ శ్రమంతా వృథా, ఎండాకాలంలో ఉప్పు మళ్లీ పైకి తేలుతుంది. నాటుకి ముదురు నారు వాడండి, కుదురుకి రెండు మొక్కలు ఎక్కువ పెట్టండి.

సమస్య: నీళ్లు ఇంకవు, తడిస్తే జిగురు, ఎండితే రాయి.
కారణం: కారుచౌడు. మట్టిని సోడియం పట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 పైన. ఉప్పు కడిగేశాక కొన్ని బంకనేలలు ఇలా మారతాయి. ఇంట్లోనే ఒక అంచనాకి రావచ్చు: గ్లాసుడు వాన నీళ్లలో గుప్పెడు మట్టి కలిపి కదపకుండా ఉంచండి. మర్నాటికి కూడా నీళ్లు మడ్డిగానే ఉంటే కారుచౌడని అనుమానించాలి. పాలచౌడైతే మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి.
పరిష్కారం: ఇక్కడే జిప్సం. మోతాదు పక్కింటివాళ్లను అడిగి కాదు, పరీక్ష రిపోర్టు చూసి వేయాలి. పైపైన దున్ని కలిపి, నీళ్లు నిలగట్టి తీసేయాలి. తర్వాత ఎకరాకి 12-15 కిలోల జీలుగ చల్లి, పూతకి రాగానే కలియదున్నండి. చౌడుని తట్టుకుని పెరిగే పచ్చిరొట్ట ఇది.

సమస్య: నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకులపై తుప్పు మచ్చలు.
కారణం: జింకు లోపం.
పరిష్కారం: లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ. వచ్చే పంటకి దమ్ములోనే ఎకరాకి 20 కిలోలు, భాస్వరం ఎరువుతో కలపకుండా వేయండి.

సమస్య: చెరువు గుంట ఉన్నచోట మాత్రం పైరు పాలిపోవడం.
కారణం: పైమట్టి గట్లకి పోయి, సత్తువ లేని అడుగుమట్టి బయటపడింది.
పరిష్కారం: గట్ల మట్టిని పొలమంతా సమంగా పరిచి, పశువుల ఎరువు ఆ గుంటలకే ఎక్కువ తోలండి.

పక్కన చెరువు ఇంకా నడుస్తుంటే మధ్యలో లోతైన కందకం తీసి, ఊటనీటిని మురుగు కాలువకి కలపండి. ఆ పని అన్నిటికంటే ముందు.