రంభ దాకా సైకిల్ తొక్కాలంటే గాలి చూసుకోండి
ఒడిశాలోని బరంపురం నుంచి చిలికా సరస్సు చూడటానికి సైకిల్‌పై దాని ఒడ్డునున్న రంభ ఊరికి వెళ్లేవారు దూరం కంటే ముందు గాలిని లెక్కవేసుకోవాలి. వేసవిలో మధ్యాహ్నానికి నైరుతి గాలి ఊపందుకుంటుంది. పోయేటప్పుడు వీపు తడుతుంది, వచ్చేటప్పుడు ముఖానికే కొడుతుంది. ఒకసారి తిరిగొస్తూ దారిలోని ఛత్రపూర్ చేరేసరికి నా తొడలు రాళ్లయ్యాయి. చలికాలంలో వీచేది ఈశాన్య గాలి. పొద్దున్నే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎదురెళ్లి, తిరుగుదారిలో దాన్నే తోడు తెచ్చుకోవచ్చు. 16వ నంబరు జాతీయ రహదారిపై లారీల హోరు తప్పదు. హుమ్మా దగ్గర ఉప్పుమడుల్లో తెల్లటి కుప్పలు కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. ఇంటికి రాగానే చైను తుడిచి నాలుగు చుక్కల నూనె వేయండి. ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది.