వ్యాపారానికి ఆండ్రాయిడా, ఐఫోనా? కొనేముందే ఎలా తేల్చుకోవాలి?

ఫోను కొనేశాక "ఇందులో మన బిల్లింగు ఎక్కట్లేదేంటండీ" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్లే గానీ, కొనకముందు అడిగేవాళ్లు తక్కువ. అంబాజీపేట కొబ్బరి కొట్ల దగ్గర్నుంచి పాలకొల్లు దాకా ఇదే తంతు.

ముందు ఓ కాగితం తీసుకుని, మీ వ్యాపారంలో ఫోనుతో రోజూ పడే పనులన్నీ రాయండి. యూపీఐ, బ్యాంకు యాప్‌లు రెండింట్లోనూ ఉంటాయి, వాటి గురించి బుర్ర పాడుచేసుకోకండి. బిల్లింగు యాప్ మాత్రం ఆండ్రాయిడ్ ప్లే స్టోర్‌లోనూ, ఐఫోన్ యాప్ స్టోర్‌లోనూ వెతికి చూడండి.

కొట్లో చిన్న బ్లూటూత్ ప్రింటరు ఉంటే దాన్ని సంచిలో వేసుకుని ఫోన్ల షాపుకి వెళ్లండి. చవక ప్రింటర్లలో చాలావాటికి పాత రకం బ్లూటూతే ఉంటుంది. ఆండ్రాయిడ్‌తో జతకడతాయి, ఐఫోన్ వాటి మొహం కూడా చూడదు. అక్కడే ఓ బిల్లు కొట్టించి చూసుకోండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

రెండు సిమ్ములూ చేత్తో తీసేవే ఉండాలి. మన దేశంలో అమ్మే ఐఫోన్లలో రెండో సిమ్ము ఈ-సిమ్మే, అంటే ఫోనులోనే కలిసుండి చేత్తో తీయలేని సిమ్ము. ఫోను పంటకాలవలో పడిందనుకోండి, మామూలు సిమ్మయితే తుడిచి బటన్ ఫోనులో వేస్తే బేరం ఆగదు. ఈ-సిమ్మయితే కంపెనీ చుట్టూ తిరగాలి. "ఈ-సిమ్మే భద్రం, దొంగ తీయలేడు" అని మా బావమరిది వాదిస్తాడు. నిజమే, కానీ మా కోనసీమలో దొంగలకన్నా కాలవలు ఎక్కువ.

అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో అడగండి. గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8లకి ఏడేళ్లు ఇస్తామన్నారు, చవక ఫోన్లకి అంత ఉండదు. విండోస్ ఫోను మోజులో పడ్డవాణ్ణి నేను. 2019 ఆఖరుకి అందులో వాట్సాప్ ఆగిపోయింది. అప్పట్నుంచి ఈ ప్రశ్న అడక్కుండా డబ్బు తీయను.

ఇక అసలు గండం, వాట్సాప్ మార్చడం. ఆండ్రాయిడ్‌లో చాట్ల బ్యాకప్, అంటే దాచిన నకలు, గూగుల్ ఖాతాలోకి పోతుంది, ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లోకి. ఒకదాని బ్యాకప్ రెండోది తెరవలేదు. ఓ కొబ్బరి వ్యాపారికి ఎవరో "ఆయ్, గూగుల్ నుంచి అన్నీ వచ్చేస్తాయండి" అని చెప్పి, పాత ఫోనులో ఉన్నదంతా తుడిచేసి అమ్మించారు. కురిడీ కొబ్బరిలో గండేరా రకం ఎంతకిచ్చాడు, గటగటా రకం ఎంతకిచ్చాడు, లారీ బిల్లులు, నాలుగేళ్ల లెక్క పోయింది. ఆయన నా ఎదురుగా కూర్చుని ఖాళీ తెరని వేలితో కిందికి లాగుతూనే ఉన్నాడు.

కాబట్టి జాగ్రత్తగా చదవండి. కొత్త ఐఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ఆండ్రాయిడ్ నుంచి డేటా తేవాలా అని అడుగుతుంది. ఆ తెర దాటేశారో, ఫోను మొత్తం తుడిచి మళ్లీ మొదలెట్టడమే మేలు. పాత ఫోనులో 'మూవ్ టు ఐఓఎస్' యాప్ వేసి, ఐఫోన్ చూపించే కోడ్ కొట్టి, జాబితాలో వాట్సాప్‌ని విడిగా ఎంచుకోండి. ఇక్కడే తొందరలో దాటేసేవాళ్లు ఎక్కువ.

రెండు ఫోన్లూ ఛార్జింగులోనే ఉండాలి. యాప్ తెర మీద నుంచి కదలకూడదు. ఓసారి సగంలో ఉండగా రావులపాలెం నుంచి అరటిగెలల బేరగాడి ఫోనొచ్చింది, మొత్తం ఆగిపోయింది. అప్పట్నుంచి పాత ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, రాత్రి పదకొండు దాటాకే మొదలెడతాను. పగలు చేస్తామనేవాళ్లతో నేను వాదించను, చేసుకోమంటాను.

తర్వాత ఐఫోన్‌లో వాట్సాప్ వేసి అదే నంబరుతో లాగిన్ అవ్వండి. నంబరు మారితే ఏదీ రాదు. కాల్స్ జాబితా ఎలాగూ రాదు, బెంగపడకండి. పాత చాట్లు నాలుగైదు తెరిచి, ఫోటోలు కూడా విప్పి చూడండి.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వచ్చేవాళ్లు కేబుల్ కొనుక్కోండి, అక్కడ కొత్త ఆండ్రాయిడ్ ఫోనే ఖాళీగా ఉండాలి.

పాత ఫోను పది రోజులు బీరువాలో పెట్టండి, మీరు తీసేసేదాకా అందులో చాట్లు ఉంటాయి. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, గూగుల్ 15 జీబీ ఇస్తుంది. కొబ్బరి ఫోటోలకి ఆ ఐదూ ఏ మూలకీ చాలవు.