గెవుర్ట్స్‌ట్రమీనర్ వైన్: ఎలా కొనాలి, ఎలా తాగాలి?

గెవుర్ట్స్‌ట్రమీనర్ అనేది ఒక ద్రాక్ష, దాంతో చేసే వైట్ వైన్‌కీ అదే పేరు. పేరు చూసి పారిపోకండి. గె-వుర్ట్స్-ట్ర-మీ-నర్, ముక్కలుగా నాలుగుసార్లు అనుకుంటే నోటికి వచ్చేస్తుంది. జర్మన్‌లో గెవుర్ట్స్ అంటే మసాలా, ట్రామిన్ అనేది ఇటలీ ఉత్తరాన ఒక ఊరు. కానీ ఈ వైన్‌కి పేరు తెచ్చింది ఫ్రాన్స్‌లోని అల్జాస్, అంటే రైన్ నదికీ వోజ్ కొండలకీ మధ్య ఉన్న సన్నటి పట్టీ, 1871 నుంచి 1945 లోపు ఫ్రాన్స్, జర్మనీల మధ్య నాలుగుసార్లు చేతులు మారింది పాపం, అక్కడి పాత మాట కూడా జర్మన్‌కి దగ్గరిదే, అందుకే ఊళ్ళకీ వైన్లకీ సగం జర్మన్ పేర్లే.

ముందు షాపులో సన్నగా పొడుగ్గా ఉండే బాటిల్ వెతకండి. లేబుల్ మీద ద్రాక్ష పేరు పెద్దగా ఉంటుంది, అల్జాస్‌లో అలా ఒక్క ద్రాక్ష పేరే వేస్తే లోపల పూర్తిగా అదే ఉండాలి. తర్వాత అసలు చూడాల్సింది తీపి ఎంతో. 2021 పంట నుంచి ఇది లేబుల్ మీద రాయాల్సిందే: సెక్ అంటే తీపి దాదాపు లేనిది, తర్వాత తీపి పెరిగే కొద్దీ దెమీ-సెక్, మ్వాలో, లీటరుకి చక్కెర 45 గ్రాములు దాటితే దూ. వాండాంజ్ తార్దీవ్ అని ఉంటే ఆలస్యంగా కోసిన ద్రాక్షది, బాగా పండినది, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి, తాగేముందు ఓ పావుగంట బయట ఉంచండి, 8–10 డిగ్రీలు చాలు. మరీ ఐస్‌లా ఉంటే వాసన రాదు, వాసన రాకపోతే ఈ వైన్ కొనడమే దండగ.

గ్లాసులో మూడో వంతే పోసి మెల్లగా తిప్పి ముక్కు పెట్టండి. లిచీ! డబ్బా మూత తీయగానే వస్తుందే, అచ్చం అదే, వెనకాలే గులాబీ, కొంచెం అల్లం. ఇది ఊహ కాదండీ, రోజ్ ఆక్సైడ్ అనే పదార్థం లిచీలోనూ గులాబీలోనూ ఈ ద్రాక్షలోనూ ఉంటుంది. ద్రాక్ష తొక్క గులాబీ రంగులో ఉంటుంది కాబట్టి వైన్ కూడా తెల్లగా కాక కాస్త బంగారు రంగు తేలుతుంది.

ఇప్పుడు ఒక గుక్క. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, వాసన చూస్తే గులాబ్ జామూన్ పాకంలా ఉంటుంది, సెక్ అయితే నోట్లో తీపే ఉండదు! పులుపు తక్కువ, ఆల్కహాల్ 13–14 శాతం, నాలుక మీద నూనెలా చిక్కగా జారి చివర్లో సన్నటి చేదు. పడమటి నుంచి వచ్చే వానల్ని వోజ్ కొండలే ఆపేస్తాయి, అందుకే అల్జాస్‌లోని కొల్మార్ ఫ్రాన్స్‌లో వాన బాగా తక్కువ పడే ఊళ్ళలో ఒకటి, ఆ ఎండకి ద్రాక్ష తీరిగ్గా పండి చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది.

తిండి విషయానికొస్తే అక్కడివాళ్ళు మున్స్‌టర్ అనే ఘాటు వాసన చీజ్ మీద జీలకర్ర లాంటి గింజలు చల్లుకుని తింటారు. నేనేమో మొదటిసారి కారం దట్టించిన కోడి వేపుడుతో సెక్ బాటిల్ తెరిచాను, ఆ ఆల్కహాల్‌కి కారం రెట్టింపై చెవుల్లోంచి పొగలొచ్చాయి. యాలకులు, దాల్చినచెక్క ఉన్న పులావ్ అయితే హాయి. కారం తప్పదనుకుంటే దెమీ-సెక్ గానీ మ్వాలో గానీ తీసుకోండి.

మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయండి, ముందుగా పోయేది ఆ గులాబీ వాసనే.