వైజాగ్ బీచ్‌లో టీయూ-142ని ఎలా చూడాలి: సీమ నుంచి వెళ్లేవాళ్లకు

మన అనంతపురం నుంచి వైజాగ్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లలో ఒక ఫొటో ఖాయంగా ఉంటుంది, బీచ్ రోడ్డులో పెద్ద విమానం ముక్కు కింద నిలబడి దిగింది. అదేం విమానం అని అడిగితే 'ఏదో యుద్ధ విమానం లే' అంటారు. టికెట్ కొని లోపలికెళ్లి పది నిమిషాల్లో బయటపడితే అంతకు మించి ఏం తెలుస్తుంది? అది టీయూ-142, సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ, నీళ్లలో దాక్కున్న సబ్‌మెరైన్లను వెతికిన నేవీ నిఘా విమానం. ఎలా వెతికేదో కాస్త తెలుసుకుని వెళ్తే అక్కడ కాలు కదలదు.

ప్రయాణం సంగతి ముందు. అనంతపురం, ధర్మవరం, హిందూపురం వాళ్లకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళ్తుంది, కడప వాళ్లకు తిరుమల ఎక్స్‌ప్రెస్. సెలవుల్లో అయితే టికెట్లు ముందే చేసుకోండి. సోమవారం మాత్రం పెట్టుకోవద్దు, మ్యూజియానికి సెలవు. మామూలు రోజుల్లో మ్యూజియం తెరిచేది మధ్యాహ్నం తర్వాతే, టైమింగులు మారుతుంటాయి కాబట్టి అక్కడికెళ్లాక ఒకసారి కనుక్కోండి. మనకు ఎండ అలవాటే గానీ ఆ ఉక్కపోత అలవాటు లేదు, చిన్నపిల్లలుంటే చల్లబడ్డాక వెళ్లడమే మేలు.

ఇప్పుడు అసలు కిటుకు. విమానం దగ్గరికి ముందు వెళ్లకండి. రోడ్డుకు అవతల, ఇసుక వైపున్న కుర్సురా సబ్‌మెరైన్ చూడండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది. నీళ్ల కింద ఇది బ్యాటరీలతో నడుస్తుంది, ఆ బ్యాటరీలు చార్జ్ కావాలంటే డీజిల్ ఇంజిన్లు తిప్పాలి, వాటికి గాలి కావాలి, అంటే ఎప్పుడో ఒకప్పుడు పైకొచ్చి కనీసం గాలి పీల్చే గొట్టమైనా నీళ్ల బయట పెట్టక తప్పదు. ఈ ఒక్క ముక్క పిల్లలకు బాగా ఎక్కించి, అప్పుడు రోడ్డు దాటించండి. దాక్కునేదాన్ని చూశాక వెతికేదాన్ని చూడాలి, వరస తిప్పితే సగం అర్థం కాదు.

విమానం దగ్గర మొదట పొట్ట కింద ఉబ్బెత్తుగా ఉన్న భాగం చూడండి. రాడార్ ఉండేది అందులోనే. ఇందాక చెప్పిన గొట్టం నీళ్ల పైకొస్తే పసిగట్టేది ఇదే. మరి సబ్‌మెరైన్ పైకి రాకపోతే? అప్పుడు సోనోబాయ్‌లు. పొడుగు డబ్బాల్లా ఉంటాయి, విమానం నుంచి వదిలితే పారాచూట్‌తో నీళ్లలో పడి, పైన తేలుతూ, కిందికి వైరుతో మైకు దించి, వినబడిన చప్పుడును రేడియోలో విమానానికి పంపిస్తాయి. మ్యూజియం హాల్లో ఉంటాయి, దాటేసి పోవద్దు. నన్నడిగితే లోపలి సీట్ల కంటే ఇవే ముఖ్యం.

తర్వాత తల పైకెత్తి తోక చూడండి. నిటారుగా ఉన్న రెక్క కొసన వెనక్కి పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం ఉంటుంది. అంత పెద్ద ఇనుప సబ్‌మెరైన్ ఉన్నచోట భూమి అయస్కాంత క్షేత్రంలో చిన్న తేడా వస్తుంది, దాన్ని పట్టే పరికరం అది. విమానం సొంత లోహం, కరెంటు అడ్డురాకుండా వీలైనంత దూరంగా తోక చివర పెట్టారు. సబ్‌మెరైన్‌కు దగ్గరగా వెళ్తేనే ఆ తేడా తెలుస్తుంది కాబట్టి విమానం బాగా కిందికి దిగి అటూ ఇటూ తిరగాల్సిందే, మన దగ్గర బోరు పాయింటు కోసం కొబ్బరికాయ పట్టుకుని చేనంతా తిరిగినట్టు. కాకపోతే ఇక్కడ పనిచేసేది సైన్సు, కొబ్బరికాయ సంగతి మీకే వదిలేస్తున్నా!

ప్రొపెల్లర్ల దగ్గర కాసేపు ఆగండి. ఒక్కో ఇంజిన్‌కు రెండు వరసలు, వరసకు నాలుగు రెక్కలు, ఒక వరస ఇటు తిరిగితే రెండోది అటు. ముందు వరస సుడి తిప్పి వదిలిన గాలిని వెనక వరస సరిచేసి ఆ శక్తిని కూడా వాడుకుంటుంది. ఇంజిన్ ఒక్కొక్కటి దాదాపు 15,000 హార్స్‌పవర్, అందుకే ప్రొపెల్లర్ విమానమైనా గంటకు 900 కిలోమీటర్లు దాటేది. చప్పుడు మాత్రం భయంకరం, ప్రొపెల్లర్ రెక్కల కొసలు ధ్వని వేగాన్ని అందుకోవడం వల్ల.

లోపల పెద్దగా ఆలస్యం చేయక్కర్లేదు, ఇరుకు. కాక్‌పిట్ చూసి, ఆ సీట్లలో గంటల కొద్దీ డ్యూటీ ఎలా చేశారో ఒక్కసారి ఆలోచించండి చాలు. పెద్దవాళ్లుంటే మెట్ల దగ్గర జాగ్రత్త.

చరిత్ర క్లుప్తంగా: 1988లో మన నేవీలోకి వచ్చింది, అదే ఏడాది మాల్దీవుల్లో తిరుగుబాటును మన సైన్యం అణచిన ఆపరేషన్‌లో నిఘా పని చేసింది. తర్వాత ఈ విమానాల మకాం తమిళనాడులోని అరక్కోణం. 2017 మార్చి 29న రిటైరయ్యాయి, ఇప్పుడు ఆ పని పీ-8ఐ జెట్లు చేస్తున్నాయి. ఈ ఒక్కటి వైజాగ్‌కు ఎగిరొచ్చాక దాన్ని విడదీసి, ముక్కలుగా బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ బిగించారు. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

ఇక ఫొటో. రెక్క కొస నుంచి కొసకు 50 మీటర్లు, దగ్గర నుంచి ఫ్రేములో పట్టదు. కుర్సురా వైపు నుంచి తీయండి, అదీ పొద్దున్నే. సాయంత్రం సూర్యుడు విమానం వెనక్కి వెళ్లిపోయి నల్లగా వస్తుంది, పొద్దున సముద్రం వైపు వెలుగు నేరుగా దాని మీదే పడుతుంది. గేటు తెరవకపోయినా రోడ్డు మీద నుంచి కనబడుతుంది కాబట్టి ఫొటో పొద్దున, టికెట్ సాయంత్రం.