ఎమ్మారై రిపోర్టులో ‘ఫజెకాస్ 2’ అని ఉంటే ఏం చేయాలి

పక్షవాతం వచ్చి ఇంటికి చేరిన మనిషి ఎమ్మారై రిపోర్టులో, కొత్తగా దెబ్బతిన్న చోటు గురించి రాశాక, కింద తరచూ ఇంకో లైను ఉంటుంది: ‘పెరివెంట్రిక్యులర్ వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్, ఫజెకాస్ గ్రేడ్ 2’. అంటే మెదడు లోపలి నీటి గదుల చుట్టూ ఉన్న తెల్ల పదార్థంలో కనబడే తెల్ల మచ్చలు, అవి ఎంతున్నాయో చెప్పే అంకె. వయసుకి మామూలేనని దాన్ని దాటేస్తారు. డెబ్బై అయిదేళ్లకి కొద్దిగా ఉంటే సరే. యాభై అయిదుకే గ్రేడ్ 2 కనబడితే, అది ఏళ్ల తరబడి బీపీ చేసిన పనేమోనని ముందు అనుమానించాలి.

మెదడు లోపలి తెల్ల పదార్థానికి రక్తం తెచ్చేవి సన్నటి, పొడవాటి నాళాలు. కాలువ చివరి ఆయకట్టు లాంటి చోటది. పైన ప్రవాహం తగ్గితే ముందు ఎండేది అక్కడే, పక్క కాలువ నుంచి మళ్లించుకునే వీలూ తక్కువే. బీపీ ఈ నాళాల గోడల్ని మందంగా, బిరుసుగా మార్చేస్తుంది.

ఫజెకాస్ కొలత 1987 నాటిది. తెల్ల పదార్థం లోతు భాగంలో, నీటి గదుల అంచున విడివిడిగా 0 నుంచి 3 దాకా వేస్తారు. లోతు భాగంలో విడి చుక్కలైతే 1, చుక్కలు కలవడం మొదలైతే 2, పెద్ద మరకలా కలిసిపోతే 3. నీటి గదుల అంచున పెన్సిల్ గీతంత ఉంటే 1, నున్నటి పట్టీలా ఉంటే 2, అక్కణ్ణుంచి లోపలికి పాకితే 3. ఫ్లెయిర్, డిఫ్యూజన్, ఏడీసీ అనేవి ఎమ్మారైలో తీసే రకరకాల బొమ్మలు. ఫ్లెయిర్ బొమ్మలో తెల్లగా ఉన్నంత మాత్రాన కొత్త దెబ్బ కాదు. డిఫ్యూజన్‌లో తెల్లగా, ఏడీసీలో నల్లగా ఉంటే కొత్తది. 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంటలుంటే లాక్యూన్లు, అంటే పాత చిన్న స్ట్రోకుల గుర్తులు. ‘మైక్రోబ్లీడ్స్’ (చిన్న చిన్న రక్తస్రావాల గుర్తులు) అనే మాట ఉంటే రక్తం పలచబడే మందు రాసే డాక్టరుకి తప్పక చూపించండి.

ఇక బీపీ. ఇంట్లో కొలిచే అంకెల్లో చాలా తప్పులు కొలిచే పద్ధతి వల్లే వస్తాయి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చొక్కా చేయి మీద పట్టీ కట్టకండి. చేయి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. పట్టీ మీద 22–32 సెంటీమీటర్లని ఉండి, మీ దండ చుట్టుకొలత 35 అయితే అప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, పెద్ద పట్టీ కొనాలి. పొద్దున మాత్రకి ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో నిమిషం ఆగి, 7 రోజులు రాయండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో 135/85 దాటితే బీపీ ఉన్నట్టే. స్ట్రోక్ వచ్చినవాళ్లకి సాధారణంగా 130/80 లోపు లక్ష్యంగా పెడతారు.

దీనికి ఆధారం ఉంది. అమెరికాలో జరిగిన స్ప్రింట్ మైండ్ అధ్యయనంలో (2019), పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవాళ్లలో దాదాపు 4 ఏళ్లలో ఈ తెల్ల మచ్చలు 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 140 లోపు చాలనుకున్నవాళ్లలో 1.45 పెరిగాయి. పెరగడం ఆగలేదు, నెమ్మదించింది. అయితే అందులో షుగరు ఉన్నవాళ్లని, స్ట్రోక్ వచ్చినవాళ్లని చేర్చలేదు, కాబట్టి 120 అంకెని సొంతంగా పట్టుకోకండి. లేచి నిలబడ్డాక పై అంకె 20 పడిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా మాత్ర మోతాదు మార్చాల్సింది డాక్టరే.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను లోపే. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయల్లో ఉన్నదీ ఈ లెక్కలోకే వస్తుంది. మోకాళ్ల నొప్పులకని రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ కూడా బీపీ పెంచుతుంది. ఈ సంగతి చాలా ఇళ్లలో డాక్టరు చెవిన పడదు.

షుగరు ఉంటే, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 లోపు ఉండాలి. పెద్ద రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని స్ట్రోక్ వచ్చినవాళ్లకి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు. బీడీ, చుట్ట, ఖైనీ పూర్తిగా మానాలి, తగ్గించడం లెక్కలోకి రాదు. మణికట్టు దగ్గర నిమిషం పాటు నాడి చూడండి. క్రమం తప్పి కొడుతుంటే ఈసీజీ తీయించాలి, ఎందుకంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అయితే ఆస్పిరిన్ సరిపోదు. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి రాసింది చిన్న స్ట్రోకుకైతే అది సాధారణంగా 21 రోజులకే. పాత చీటీ చూపించి నెలల తరబడి రెండూ కొనుక్కుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

మచ్చలు పెరుగుతున్న సూచన ఎప్పుడూ మతిమరుపుతోనే మొదలవదు. నడక నెమ్మదించి అడుగులు చిన్నవవుతాయి, మూత్రం ఆపుకోలేరు, చిల్లర లెక్కకి చాలాసేపు పడుతుంది. ఇవి గమనించాల్సింది ఇంట్లోవాళ్లే.

మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. ఆ గడువు మీరు చూసిన సమయం నుంచి కాదు, మనిషి చివరిగా బాగున్న సమయం నుంచి లెక్క. ఆ టైము కాగితం మీద రాసివ్వండి. సీటీ తీయకముందు ఆస్పిరిన్ వేయకండి, నోట్లో నీళ్లు పోయకండి, బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టకండి. ఒక్కసారిగా బీపీ పడిపోతే, కొనఊపిరితో ఉన్న భాగానికి ఆ కాస్త రక్తమూ అందదు.