సరి ప్రమేయమా, బేసి ప్రమేయమా? గ్రాఫు మాట వినకపోతే ఇలా చూడండి

సమస్య: సూక్ష్మీకరిస్తే ఎక్స్² వచ్చింది. సరి ప్రమేయమని రాస్తే మార్కులు పోయాయి.

ఎక్స్ గుర్తు మార్చినా విలువ మారకపోతే, అంటే ఎఫ్(−ఎక్స్) = ఎఫ్(ఎక్స్) అయితే, అది సరి ప్రమేయం. విలువ గుర్తు మాత్రమే మారితే, అంటే ఎఫ్(−ఎక్స్) = −ఎఫ్(ఎక్స్) అయితే, బేసి ప్రమేయం. ఇప్పుడు ప్రమేయం (ఎక్స్³ − ఎక్స్²)/(ఎక్స్ − 1) అనుకుందాం. లవంలో ఎక్స్² ఉమ్మడిగా తీసి, మిగిలింది హారంతో కొట్టేస్తే ఎక్స్² వస్తుంది. నిక్షేపంలాంటి పరావలయం! కానీ కొట్టేయకముందు 1 దగ్గర హారం సున్నా. కాబట్టి 1 ప్రదేశంలో (ప్రమేయంలో వేయదగ్గ ఎక్స్ విలువల్లో) లేదు, −1 మాత్రం ఉంది. పరావలయానికి కుడివైపు ఒక చిల్లు పడింది, ఎడమవైపు పడలేదు. వై-అక్షం వెంట కాగితం మడిస్తే రెండు సగాలూ అచ్చంగా కలవవు. ఇది సరీ కాదు, బేసీ కాదు.

పరిష్కారం: ఎఫ్(−ఎక్స్) జోలికి వెళ్లే ముందే ప్రదేశం రాసుకోండి. అందులోని ప్రతి సంఖ్యకూ గుర్తు మార్చిన సంఖ్య కూడా ఉందా? లేకపోతే లెక్క అక్కడితో ముగిసినట్టే: సరీ కాదు, బేసీ కాదు. నేను దిద్దిన నోటు పుస్తకాల్లో ఎక్కువ తప్పులు ఈ ఒక్క పని వదిలేయడం వల్లే కనిపించాయి. లాగ్(ఎక్స్²) సరి ప్రమేయం. సూత్రం ఉంది కదా అని దాన్ని 2 లాగ్ ఎక్స్‌గా మార్చారంటే ఎడమ సగం మొత్తం ఎగిరిపోతుంది.

సమస్య: కంప్యూటర్‌లో ఘనమూలం గ్రాఫు కుడివైపే వచ్చింది.

−8కి ఘనమూలం −2. ఇది బేసి ప్రమేయం, మూలబిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే తన మీదే కూర్చోవాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో నంపై అనే గణిత లైబ్రరీతో గీసేటప్పుడు ఘాతం 1/3 అని రాస్తే, అది 1/3కి దగ్గరి దశాంశంగా మారుతుంది. రుణ సంఖ్యకు అలాంటి ఘాతం వేస్తే వాస్తవ విలువ ఉండదు కాబట్టి ఎడమవైపు ఖాళీ. ఘాతం బదులు ఘనమూలానికే ఉన్న సీబీఆర్‌టీ ఫంక్షన్ వాడండి.

సమస్య: ఎక్సెల్‌లో −ఎక్స్² బోర్లా పడలేదు, పైకి తెరుచుకుంది.

ఎక్సెల్ ముందు రుణ గుర్తు చూసి, తర్వాత వర్గం చేస్తుంది. అందుకే −3^2 అంటే 9 ఇస్తుంది. −(3^2) అని కుండలీకరణాలు పెడితే −9 వస్తుంది. నోటు పుస్తకంలో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది: (−3)² రాయాల్సిన చోట కుండలీకరణాలు మింగేసి −9 తెస్తారు.

సమస్య: 2, −2 వేసి చూస్తే ఒకే విలువ వచ్చింది, అయినా సరి ప్రమేయం కాదట.

ఎక్స్³ − 4ఎక్స్‌లో రెండింటికీ సున్నానే. 1 వేస్తే −3, −1 వేస్తే 3. నిజానికిది బేసి ప్రమేయం. విడి విలువలు కాదని తేల్చడానికి పనికొస్తాయి, అవునని తేల్చడానికి చాలవు.

సమస్య: సరి కాదని తేలింది, కనుక బేసి అని రాశాను.

పూర్ణ సంఖ్యల దగ్గర అబ్బిన అలవాటిది: అక్కడ సరి కాకపోతే బేసే, ప్రమేయాల్లో అలా కాదు. ఎక్స్² + ఎక్స్‌కి 1 దగ్గర 2, −1 దగ్గర 0. రెండూ కాదు.

సమస్య: కంటికి సౌష్ఠవం కనిపిస్తోంది, పరీక్ష ఒప్పుకోవడం లేదు.

అద్దం వై-అక్షం మీద లేదు, పక్కకు జరిగింది. ఎక్స్² − 6ఎక్స్ + 5కి అది ఎక్స్ = 3 రేఖ మీద ఉంది. 3 + హెచ్, 3 − హెచ్ ప్రతిక్షేపించి చూడండి, రెండు చోట్లా హెచ్² − 4 వస్తుంది.