బోలు అక్షరాలు మొండికేస్తే: వాలు అవుట్‌లైన్ ఫాంట్ చిక్కులు, పరిష్కారాలు

పాతకాలపు జెర్సీలనూ రేసు కార్లనూ తలపించే వాలు అవుట్‌లైన్ ఫాంట్ తెర మీద పెద్దగా చూస్తే మహా హుషారుగా ఉంటుంది. పనిలో పెట్టాకే పేచీలు మొదలవుతాయి. ఈ అక్షరానికి ఒంట్లో కండ ఉండదు, చుట్టూ గీత ఒక్కటే. చిక్కులు చాలావరకు అక్కడే పుడతాయి.

చిన్న సైజులో గీత మాయమవుతోంది

అక్షరంతో పాటు గీత మందమూ తగ్గుతుంది. 100 పాయింట్ల దగ్గర 2 పాయింట్లున్న గీత, 12 పాయింట్లకు వచ్చేసరికి 0.24 పాయింట్లే. ముద్రణలో 0.25 కంటే సన్నని గీతను నమ్మలేం. ముదురు రంగు మధ్య తెల్లగా వదిలే గీతకైతే కనీసం 0.5 ఉండాలి, లేకపోతే ఇరువైపుల నుంచీ సిరా పాకి దాన్ని మింగేస్తుంది. అలాగని గీతను లావు చేస్తే లోపలి ఖాళీ పూడుకుపోతుంది. ఈ ఫాంట్‌ను శీర్షికకే ఉంచి, చిన్న అక్షరాలకు నిండు ఫాంట్ వాడండి.

అక్షరాలు పడిపోతున్నట్టు ఉన్నాయి

ఎవరో ఇటాలిక్ బటన్ నొక్కి ఉంటారు. పుట్టుకతోనే వాలిన అక్షరాన్ని సాఫ్ట్‌వేర్ మళ్లీ వంచింది. బటన్ తీసేయండి, అంతే.

గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి

ట్రాకింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, మరీ బిగించినప్పుడు వచ్చే తంటా ఇది. నిండు అక్షరాలు కాస్త ఒరుసుకున్నా కంటికి ఆనదు, బోలు అక్షరాల్లో ప్రతి గీతా బయటపడుతుంది. ముందు ట్రాకింగ్‌ను సున్నాకు తెచ్చి, ఇబ్బందిపెట్టే జంటలను చేత్తో సర్దండి. అతుక్కున్న రూపమే కావాలంటే అవుట్‌లైన్ అక్షరాలను కలపవద్దు. రెండు ఉంగరాలను కలిపినట్టు లోపలి గీతలు అలాగే మిగులుతాయి. నిండు రూపాన్ని కర్వ్స్‌గా (టైపు చేసిన అక్షరాలను ఉత్త ఆకారాలుగా) మార్చి, ఇల్లస్ట్రేటర్‌లో యునైట్, కోరెల్‌డ్రాలో వెల్డ్ చేసి అన్నిటినీ ఒకే ఆకారంగా కలిపి, ఆ తర్వాతే చుట్టూ స్ట్రోక్ (అంచు గీత) ఇవ్వండి. కర్వ్స్ అయ్యాక అక్షరదోషం దిద్దలేరు కాబట్టి అసలు ప్రతిని పక్కన దాచండి.

తెలుగులో ఈ బెడద ఇంకా ఎక్కువ. చాలా ఫాంట్లలో గుణింతపు గుర్తులూ ఒత్తులూ విడి ముక్కలుగా వచ్చి అక్షరం మీద కూర్చుంటాయి. స్ట్రోక్ ఇవ్వగానే అతుకులన్నీ కనిపిస్తాయి. మందు మాత్రం పైదే: ముందు వెల్డ్, తర్వాత స్ట్రోక్.

కోణాల దగ్గర ముళ్లు పొడుచుకొస్తున్నాయి

ఆంగ్లంలో ఎమ్, వి, డబ్ల్యూ వంటి వాటి సూది కోణాల దగ్గర స్ట్రోక్ కొస సాగుతుంది. మైటర్ లిమిట్ (కొస ఎంతవరకు సాగవచ్చో చెప్పే హద్దు) తగ్గించండి, లేదా మూలను బెవెల్ చేయండి, అంటే కొసను కోసేయండి. గుండ్రటి మూలా పనిచేస్తుంది కానీ ఆటల పదును పోతుంది, నాకది నచ్చదు.

రెండు వరుసలు మధ్యకు సర్దినా వంకరగా ఉన్నాయి

కొలత సరిగానే ఉంటుంది, కంటికే ఒప్పదు. వాలు గీత పై వరుస నుంచి కింది వరుసకు తిన్నగా దిగాలి. వరుసల ఎడాన్ని వాలు కోణపు టాంజెంట్‌తో గుణించి, కింది వరుసను అంత ఎడమకు జరపండి. 12 డిగ్రీల వాలు, 100 పాయింట్ల ఎడం అయితే సుమారు 21 పాయింట్లు.

చివరి అక్షరం కొస తెగుతోంది

వాలు కొస తన గడి దాటి బయటికి వచ్చింది. చివర ఒక ఖాళీ చేర్చండి, లేదా పెట్టె వెడల్పు పెంచండి.

ఫొటో మీద చదవడానికి రావడం లేదు

బోలు అక్షరంలోంచి వెనకున్న బొమ్మంతా కనిపిస్తుంది మరి. అదే ఫాంట్ నిండు రూపాన్ని కింది లేయర్‌లో ఒకే రంగుతో పెట్టండి. రెండు లేయర్లకూ ట్రాకింగ్, కెర్నింగ్ (అక్షరాల జంటల మధ్య సర్దుబాటు) ఒకేలా ఉండాలి. కింది లేయర్‌ను కొంచెం పక్కకు జరిపితే పాతకాలపు నీడ కూడా వస్తుంది.